నొప్పి లేని పుండు

గత సంవత్సరము మన పాఠశాలలో చదువు నొక బాలుని తాతగారికి నాలుక ప్రక్కను చిన్న పుండు లేచెను. నొప్పి లేదు గనుక ఇంటిలో నెవరును లక్ష్యపెట్టలేదు. జర్దా నమలుచు, పసరు పూసికొనుచు ఆయన ఆరు మాసములు గడపిరి. ఆసుపత్రికి చేరునప్పటికి వ్యాధి మెడకు ప్రాకియుండెను. “పుండును మొదట నేనే చూచితినండీ, పెద్దవారికి చెప్పుటకు భయపడితిని” అని ఆ బాలుడు మా యెదుట కన్నీరు పెట్టుకొనెను. ఆ మాటయే ఈ వ్యాసమునకు కారణము.

మన దేహము అసంఖ్యాకములైన సూక్ష్మకణములతో నిర్మింపబడినది. కణములు అవసరమైనంతవరకే పెరిగి, ముదిసి, నశించుట ప్రకృతిధర్మము. కొన్ని కణములు ఈ కట్టుబాటును మీరి పెరిగి, ప్రక్క అవయవముల నాక్రమించి, రక్తముద్వారా దూరమునకు వ్యాపించినయెడల దానిని కేన్సరందురు. మన పెద్దలు రాచపుండనిరి. రోగితో కలిసి భుజించుటవలనగాని, రోగికి సేవచేయుటవలనగాని ఇది అంటదు. ఆరంభమున సాధారణముగా నొప్పియు నుండదు. కావున నొప్పి వచ్చువరకు వేచియుండుట గొప్ప పొరపాటు.

దీనికి గల కారణములలో మనము తప్పించుకొనదగినది పొగాకు. బీడీ, చుట్ట, జర్దా, గుట్కా, ఖైనీ అన్నియు హానికరములే. పొగాకు లేని వక్కయు నిర్దోషము కాదు. మన తెలుగు దేశముననే దీనికి నిదర్శనము కలదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము తీరపు పల్లెలలో కొందరు, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట నిప్పు గల కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు గలదు. దీనిని అడ్డపొగ యందురు. ఇతర దేశములలో అరుదుగా కనబడు అంగిటి కేన్సరు ఇట్టివారిలో వచ్చుచున్నదని 1945లో ఖనోల్కర్, సూర్యాబాయి అను వైద్యశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తరువాత ఆ ప్రాంతమున జరిగిన పరిశోధనలలో, అలవాటు మానినవారి అంగిటి మచ్చలు తగ్గుటయు కనబడెను. ఎంత ఆలస్యముగా మానినను మేలే యని దీనివలన తెలియుచున్నది.

కల్లు, సారాయి మొదలగు మద్యములు కేన్సరునకు మరియొక కారణము. పొగాకుతో కలిసినప్పుడు కీడు మరింత హెచ్చును. స్థూలకాయము కొన్ని కేన్సర్లకు దారితీయును గాన, మితాహారము, ఆకుకూరలు, పండ్లు, నిత్యవ్యాయామము అవసరము. స్త్రీల గర్భాశయముఖమునకు వచ్చు కేన్సరు మిక్కిలి తరచుగా ఒక వైరసువలన కలుగును. దీనిని కనుగొన్న హరాల్డ్ జుర్ హౌజెన్ పండితునికి 2008లో నోబెల్ బహుమానము లభించెను. ఈ వైరసును నివారించు టీకాను 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చుచున్నది. తలిదండ్రులు వైద్యుని సంప్రదింతురు గాక.

ఇక గుర్తులు. రెండు వారములు దాటినను మానని నోటిపుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు తెరచుటకు కష్టము, రొమ్మునందు గడ్డ, అకాల రక్తస్రావము, ముట్లుడిగిన తరువాత రక్తము కనబడుట, విడువని దగ్గు, కారణము లేక చిక్కిపోవుట — వీనిలో నేది కనబడినను వైద్యునికి చూపవలెను. ప్రతిదియు కేన్సరు కాదు. కాదని తేల్చుకొనుటయు లాభమే. మన తల్లులు సిగ్గుచేత రొమ్ముగడ్డను దాచుకొనుట ప్రాణాపాయము. వెలుతురున అద్దము ముందు నెలకొకమారు నోరు చూచుకొనుటకు పైస ఖర్చు లేదు.

30 ఏండ్లు దాటిన స్త్రీపురుషులకు నోటిని, స్త్రీలకు అదనముగా రొమ్మును, గర్భాశయముఖమును పరీక్షించు కార్యక్రమము ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములద్వారా నడుచుచున్నది. గర్భాశయముఖమునకు సిర్కాలోని ఆమ్లమునే పలుచగా పూసి చూతురు, దోషమున్నచోట తెల్లబడును. పరీక్షకు కొద్ది నిమిషములే పట్టును. వివరములు ఊరి ఆశా కార్యకర్త నడుగవచ్చును. చికిత్స కావలసినవారికి, మన షాద్‌నగరునుండి సుమారు 50 కిలోమీటర్ల దూరమున హైదరాబాదులో, 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి యున్నది.

అపొస్తలుడైన పౌలు దేహమును ఆలయముతో పోల్చెను. ఆలయపు గోడ బీటలిచ్చినప్పుడు అది కూలువరకు మన మూరకుండము గదా! బిడ్డలారా, ఇంటిలో మీ కన్నులు పెద్దల కన్నులకంటె చురుకైనవి. తాతగారి నోటనో, నాయనమ్మ చేతనో మానని పుండు కనబడినచో, భయపడక, వినయముగా చెప్పుడు. వారు కసరినను మరల చెప్పుడు. ఆ బాలుడు నేడు మీ కందరికిని చెప్పదలచినది ఇదియే.