కారు నావిగేషన్‌లో శాసనస్థలాల నమోదు: క్షేత్రపరిశోధకులు గమనించవలసిన అంశాలు

కీలకపదాలు: క్షేత్రపర్యటన, శాసనస్థలాలు, అక్షాంశ రేఖాంశాలు, జీపీఎక్స్, స్థలనామాలు

1. ఉపోద్ఘాతం

శాసనాలపై పరిశోధన చేసేవారు పాత నివేదికల ఆధారంగా ఊళ్లకు బయలుదేరినప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు స్థలనిర్ణయం. ఆ నివేదికలు తాలూకా పేరు, గ్రామం పేరు చెప్పి, శాసనం గుడి ఎదుటనో చెరువుగట్టు మీదనో ఉందని సూచిస్తాయి. 1985 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31గా, 2019లో 33గా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. గ్రామం ఉన్నచోటే ఉన్నా దాని చిరునామా రెండు మూడుసార్లు మారిపోయింది. ఈ పరిస్థితిలో అక్షాంశ రేఖాంశాలతో స్థలాన్ని గుర్తించి, ఆ జాబితాను కారులోని నావిగేషన్ వ్యవస్థలో చేర్చుకోవడం పరిశోధకునికి ఎంతో సౌకర్యం. తయారీదారులు 'పాయింట్ ఆఫ్ ఇంటరెస్ట్' అని పిలిచే ఈ గుర్తును ఈ వ్యాసంలో 'స్థలబిందువు' అని వ్యవహరిస్తున్నాను.

పెట్రోలు బంకులు, ఆసుపత్రులు, హోటళ్లు మొదలైనవి తయారీదారు ఇచ్చే పటంలోనే స్థలబిందువులుగా ఉంటాయి. శాసనాలలో చాలావాటికి ఆ పటంలో చోటు లేదు. వాటిని మనమే చేర్చుకోవాలి. చేర్చే పద్ధతి సులభమే. అయితే మనం చేర్చిన ప్రతి బిందువూ "ఈ శాసనం ఇక్కడ ఉంది" అనే ఒక ప్రతిపాదన. దానికి కూడా ఆధారం చూపవలసి ఉంటుందన్న సంగతిని మనం తరచుగా మరచిపోతున్నాం.

2. చేర్చే పద్ధతి

అన్ని కార్లలోనూ ఈ సౌకర్యం లేదు. కొన్నింటిలో తెరపై ఒక్కొక్క గమ్యాన్నే దాచుకోగలం. మరికొన్ని మెమరీ కార్డు లేదా యూఎస్‌బీ ద్వారా మొత్తం జాబితాను ఒకేసారి స్వీకరిస్తాయి. ఉదాహరణకు మెర్సిడెస్-బెంజ్ వారి కమాండ్ వ్యవస్థలో కొన్ని తరాలు మెమరీ కార్డుపై 'పర్సనల్‌పీఓఐ' అనే ఫోల్డరులో ఉంచిన జీపీఎక్స్ ఫైళ్లను చదువుతాయి. గార్మిన్ పరికరాలకు 'పీఓఐ లోడర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది సీఎస్‌వీ, జీపీఎక్స్ ఫైళ్లు రెండింటినీ తీసుకుంటుంది. ఫైలు పేరే పరికరంలో వర్గం పేరుగా కనిపిస్తుంది కాబట్టి, రేనాటి చోళుల శాసనాలను ఒక ఫైలులోను, వేములవాడ చాళుక్యుల శాసనాలను మరొక ఫైలులోను ఉంచుకోవచ్చు. తమ కారు ఏ రూపాన్ని స్వీకరిస్తుందో వాహనంతో వచ్చిన పుస్తకంలో చూసుకోవడం తప్పనిసరి.

సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన పట్టిక. గార్మిన్ సీఎస్‌వీలో మొదట రేఖాంశం, తరువాత అక్షాంశం, ఆపైన పేరు, వివరణ రావాలి. మనం మాటల్లో ముందుగా అక్షాంశాన్ని చెబుతాం. పొరపాటుకు మూలం ఇదే. కడప పట్టణం సుమారు 14.47 ఉత్తర అక్షాంశం, 78.82 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఈ రెండు అంకెలూ తారుమారైతే ఆ బిందువు ఉత్తరధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ దీవి మీద పడుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి దానివల్ల ప్రమాదం తక్కువ.

ప్రమాదమంతా చిన్న తప్పులలో ఉంది. 14 డిగ్రీల 30 నిమిషాల 36 సెకన్లను దశాంశంలోకి మారిస్తే 14.51 వస్తుంది. నిమిషాలను, సెకన్లను అలాగే పక్కపక్కన చేర్చి 14.3036 అని రాస్తే బిందువు దాదాపు 23 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. అది అదే జిల్లాలో, బహుశా అలాంటి గుడే ఉన్న మరో ఊరిలో పడవచ్చు. పరిశోధకుడు అక్కడికి వెళ్లి వెతికి, "శాసనం ప్రస్తుతం కనిపించడం లేదు" అని రాసుకుని వస్తాడు. ఆ వాక్యం సిద్ధాంతగ్రంథంలోకి, అక్కడినుండి తరువాతివారి గ్రంథాలలోకి ప్రవేశిస్తుంది.

పాత సర్వే పటాలనుండి అంకెలు తీసుకునేవారికి మరొక జాగ్రత్త అవసరం. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్టు గోళాభాసాన్ని ఆధారం చేసుకున్నాయి. ఉపగ్రహ నావిగేషన్ డబ్ల్యూజీఎస్-84ను అనుసరిస్తుంది. 2005 జాతీయ పటవిధానం తరువాత ప్రజలకోసం వెలువడిన ఓపెన్ సిరీస్ పటాలు కూడా డబ్ల్యూజీఎస్-84లోనే ఉన్నాయి. పాత పటం అంకెలను మార్పిడి చేయకుండా వాడితే బిందువు స్థానం తప్పుతుంది.

3. పేరు, లిపి

పరిశోధకులకు సహజంగానే పేర్లను తెలుగులో రాయాలనిపిస్తుంది. ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, ఎక్సెల్‌లో తయారుచేసిన పట్టికను మామూలు సీఎస్‌వీగా భద్రపరిస్తే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. యూటీఎఫ్-8 రూపాన్ని ఎంచుకుని భద్రపరచాలి. రెండవది, ఫైలు సరిగా ఉన్నా గుణింతాలను, ఒత్తులను కూర్చి చూపే ఏర్పాటు చాలా కార్ల తెరలలో లేదు. ఖాళీ పెట్టెలే కనిపిస్తాయి. పేరుకు కేటాయించే నిడివి కూడా పరిమితమే. 'కుర్క్యాల' మనకు మూడక్షరాల పేరు. యూనికోడ్‌లో అది తొమ్మిది సంకేతాలు, యూటీఎఫ్-8లో 27 బైట్లు. రోమన్ లిపిలో ఎనిమిదే.

కాబట్టి కారు తెరకు రోమన్ లిపి తప్పదు. కానీ అందులో ళకార లకారాల భేదం పోతుంది. ఎర్రగుంట్లను కొందరు 'వై' అక్షరంతో, కొందరు 'ఇ' అక్షరంతో మొదలుపెడతారు. దానివల్ల వెతుకులాటలో అది రెండు వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. పేరుకు ముందు తమ జాబితాలోని వరుస సంఖ్యను చేర్చి, ఆ సంఖ్యతోనే వెతుక్కోవడం మేలు. అసలైన తెలుగు పేరును మూలప్రతిలో భద్రపరచుకోవచ్చు.

4. ఒకే శాసనానికి రెండు బిందువులు

నావిగేషన్ వ్యవస్థ మనం ఇచ్చిన బిందువుకు కాక, తన పటంలో దానికి దగ్గరగా ఉన్న దారికి తీసుకుపోతుంది. కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గరి బొమ్మలమ్మగుట్ట మీద జినవల్లభుని శాసనం ఉంది. తెలుగు కందపద్యాలున్న 10వ శతాబ్దపు శాసనం అది. ఇటువంటి గుట్టశాసనాలకు రాతి దగ్గరి బిందువునే ఇస్తే, ఎక్కడానికి మెట్లుగాని కాలిబాటగాని లేని వైపు దారికి కారు చేరే అవకాశం ఉంది. నదీతీర స్థలాలకైతే అవతలి ఒడ్డుకే చేరవచ్చు. అందువల్ల శాసనబిందువును, కారు నిలిపే బిందువును వేరువేరుగా నమోదు చేయాలి. రెండవది కారుకోసం, మొదటిది పరిశోధనకోసం.

శాసనమో ఆలయమో మూలస్థానంనుండి తరలిపోయినచోట ఈ విభజన మరింత ముఖ్యమవుతుంది. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయం ముంపు కారణంగా అలంపురానికి తరలించారు. అలంపురం బిందువు మనల్ని ఆలయానికి చేరుస్తుందే తప్ప ఆ ఆలయం ఏ నేలను ఆశ్రయించి పుట్టిందో చెప్పదు. నాగార్జునకొండ కట్టడాలదీ ఇదే కథ. మూలస్థానానికి కారులో వెళ్లలేకపోయినా దాని బిందువును 'మూలం' అన్న గుర్తుతో జాబితాలో ఉంచవలసిందే.

జీపీఎక్స్ రూపం ఇందుకు అనువైనది. 2004లో స్థిరపడిన దాని 1.1 ప్రమాణంలో ప్రతి బిందువుకూ పేరు, వివరణ, తేదీలతోపాటు ఆ సమాచారం ఎక్కడిదో రాసేందుకు ప్రత్యేకమైన స్థానం ఉంది. స్వయంగా వెళ్లి కొలిచామా, పటంనుండి తీసుకున్నామా, మరొకరు చెప్పగా రాసుకున్నామా అన్నది అక్కడ రాయవచ్చు. కారు దానిని చూపకపోవచ్చు. అయినా పదేళ్ల తరువాత ఆ ఫైలును తెరిచే మరో పరిశోధకునికి మిగతా అన్నింటికన్న ముందు కావలసింది అదే. మూలప్రతిని కంప్యూటరులో ఉంచి, కారుకు దాని సంక్షిప్తరూపాన్ని మాత్రమే ఇవ్వాలి. వ్యవస్థను నవీకరించినప్పుడు కారులోని బిందువులు చెరిగిపోయే అవకాశం ఉంది.

5. బిందువులను ఎంతవరకు వెల్లడించాలి?

అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. దశాంశం తరువాత రెండు అంకెలు ఇస్తే కిలోమీటరు మేరకు, నాలుగు ఇస్తే పదకొండు మీటర్ల మేరకు స్థలం తెలుస్తుంది. ఎన్ని అంకెలు ఇవ్వాలన్నది కేవలం గణితానికి సంబంధించిన ప్రశ్న కాదు. గుప్తనిధుల ఆశతో పాడుబడిన గుళ్లను, శాసనస్తంభాలను తవ్విపోసే ఉదంతాలు రెండు రాష్ట్రాలలోనూ కొత్తవి కావు. కాపలా లేని, ఊరికి దూరంగా ఉన్న స్థలాల విషయంలో వ్యాసంలో రెండు దశాంశాలతో సరిపెట్టి, పూర్తి అంకెలను పురావస్తుశాఖకు, పర్యవేక్షకునికి అందజేయడం ఉచితమని నా అభిప్రాయం. కలమళ్లలో ధనంజయుని శాసనం వంటి, చెన్నకేశవాలయ ప్రాంగణంలో ఉండి అందరికీ తెలిసిన శాసనాలకు ఈ నియమం అక్కరలేదు.

పర్యటన అద్దె కారులో చేసినవారు తిరిగి అప్పగించేముందు తాము చేర్చిన బిందువులను, 'ఇటీవలి గమ్యాలు' అన్న జాబితాను కూడా తుడిచివేయాలి. సొంత కారును అమ్మేటప్పుడూ అంతే.