పాత స్పోర్ట్స్ కారుకు సింథటిక్ ఇంజన్ ఆయిల్ ఎంపిక

పాత స్పోర్ట్స్ కారుకు తగిన సింథటిక్ ఇంజన్ ఆయిల్‌ను ఎంపిక చేయడంలో మూడు విషయాలు ప్రధానమైనవి: నూనె యొక్క స్నిగ్ధత, అందులో కలిపిన రసాయన సంకలితాలు, ఆ ఇంజన్ నిర్మాణం. ఖరీదైనది, సరికొత్త ప్రమాణానికి చెందినది అయినంత మాత్రాన ఒక నూనె 1970, 1980 దశకాలలో తయారైన ఇంజనుకు మేలు చేస్తుందని చెప్పలేము. నేటి నూనెలు నేటి ఇంజన్లను, వాటి పొగగొట్టంలో అమర్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లను దృష్టిలో ఉంచుకొని రూపొందించబడినవి. తగని నూనె వాడినచో క్యామ్ షాఫ్ట్, బేరింగుల వంటి భాగాలు త్వరగా అరిగిపోతాయి. చాలా పాత కార్లకు ఈ భాగాలు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ.

ఇంజన్ ఆయిల్ చేసే పని

ఇంజన్ ఆయిల్ ఒక కందెన. ఒకదానిపై ఒకటి కదిలే లోహభాగాల మధ్య ఇది పలుచని పొరగా ఏర్పడి, అవి నేరుగా తగలకుండా చూస్తుంది. రాపిడిని తగ్గించడంతో పాటు ఇంజన్ వేడిని మోసుకొనిపోతుంది, మసిని, మడ్డిని తనలో నిలుపుకొంటుంది, తుప్పును నివారిస్తుంది. స్పోర్ట్స్ కార్లలో ఇంజన్ అధిక వేగంతో తిరుగుతుంది కనుక నూనె ఉష్ణోగ్రత కూడా సాధారణ కార్లలో కంటే ఎక్కువగా ఉంటుంది.

సింథటిక్ నూనె

ఇంజన్ ఆయిల్‌లో అధిక భాగం మూల నూనె, మిగిలినది సంకలితాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ మూల నూనెలను ఐదు సమూహాలుగా విభజించింది. మొదటి రెండు సమూహాలు ముడిచమురును శుద్ధిచేయగా లభించే ఖనిజ నూనెలు. మూడవ సమూహం నూనెలు కూడా ముడిచమురు నుండే వస్తాయి, కాని వాటిని అధిక పీడనంలో ఉదజనితో చర్య జరిపి, అణునిర్మాణాన్నే మార్చి తయారు చేస్తారు. నాలుగవ సమూహం పాలీ ఆల్ఫా ఓలెఫిన్లు. వీటిని చిన్న అణువులను కలిపి కృత్రిమంగా నిర్మిస్తారు. ఎస్టర్లు మొదలగు ఇతర నూనెలన్నీ ఐదవ సమూహానికి చెందుతాయి.

మోటారు కార్లకు ఉద్దేశించిన సింథటిక్ నూనెలు 1970లలో విపణిలోనికి వచ్చాయి. మూడవ సమూహం నూనెను సింథటిక్ అని పిలవవచ్చునా అనే విషయమై అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ సంస్థల మధ్య వివాదం ఏర్పడింది. వాణిజ్య ప్రకటనలను పరిశీలించే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ 1999లో అలా పిలవవచ్చునని తీర్పునిచ్చింది. అందువలన డబ్బాపై ఉన్న 'సింథటిక్' అనే మాటను బట్టి లోపలి మూల నూనె ఏ సమూహానికి చెందినదో తెలియదు.

సింథటిక్ నూనెలు అధిక వేడికి త్వరగా చెడిపోవు, తక్కువగా ఆవిరవుతాయి, చలిలో సులభంగా పారుతాయి. ఈ గుణాలు పాత ఇంజన్లకు కూడా ఉపయోగకరమే. కాని మూల నూనె ఎంత మంచిదైనా, స్నిగ్ధత, సంకలితాలు సరిపడకపోతే ఈ ప్రయోజనాలు దక్కవు.

స్నిగ్ధత సంఖ్యలు

ద్రవం పారడానికి చూపే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. తేనెకు స్నిగ్ధత ఎక్కువ, నీటికి తక్కువ. ఇంజన్ ఆయిల్ స్నిగ్ధతను ఎస్.ఏ.ఇ. జె300 అనే ప్రమాణం ప్రకారం 5డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 వంటి గుర్తులతో తెలుపుతారు. డబ్ల్యు అక్షరం శీతాకాలాన్ని సూచిస్తుంది. దానికి ముందున్న సంఖ్య ఎంత తక్కువైతే నూనె చలిలో అంత సులభంగా పారుతుంది. చలిలో ఇంజన్ తిరగగలదా అనే పరీక్షను 20డబ్ల్యు నూనెకు -15 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, 10డబ్ల్యు నూనెకు -25 డిగ్రీల వద్ద, 0డబ్ల్యు నూనెకు -35 డిగ్రీల వద్ద జరుపుతారు. మంచు కురిసే దేశాలలో ఈ సంఖ్యకు ప్రాముఖ్యం ఎక్కువ. శీతాకాలంలో కూడా ఉష్ణోగ్రత సున్నాకు చేరని తెలుగు ప్రాంతాల వంటి చోట్ల 0డబ్ల్యు నూనె అవసరం అరుదు.

రెండవ సంఖ్య వేడెక్కిన ఇంజనులో నూనె చిక్కదనాన్ని తెలుపుతుంది. 100 డిగ్రీల వద్ద వివిధ తరగతుల స్నిగ్ధత ఈ విధంగా ఉంటుంది:

30వ తరగతి: 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపు
40వ తరగతి: 12.5 నుండి 16.3 సెంటీస్టోకుల లోపు
50వ తరగతి: 16.3 నుండి 21.9 సెంటీస్టోకుల లోపు
60వ తరగతి: 21.9 నుండి 26.1 సెంటీస్టోకుల లోపు

పాత ఇంజన్లలో బేరింగుల మధ్య ఖాళీ సాధారణంగా నేటి ఇంజన్లలో కంటే ఎక్కువ. నేటి కార్లలో ఇంధనం ఆదా కొరకు వాడే 20వ తరగతి నూనెను అటువంటి ఇంజనులో పోసినచో, వేడెక్కిన తరువాత నూనె పీడనం పడిపోయి కందెన పొర తెగిపోయే ప్రమాదం కలదు. అలాగని అవసరానికి మించి చిక్కనిది కూడా మంచిది కాదు. చల్లని ఇంజనును నడిపించినప్పుడు చిక్కని నూనె పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. పీడనమాపకంలో సూచిక పైకి లేచినంత మాత్రాన నూనె ప్రవాహం పెరిగినట్లు కాదు.

జింకు, భాస్వరం

క్యామ్ షాఫ్ట్ మీది ఉబ్బు ట్యాపెట్ పైన లేదా రాకర్ చేతిపైన రాసుకొంటూ తిరిగే ఇంజన్లలో, ఆ చోట ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంటుంది. అక్కడ నూనె పొర ఒక్కటే సరిపోదు. అందుకై జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్ అనే సంకలితాన్ని కలుపుతారు. ఇది వేడికి, ఒత్తిడికి విచ్ఛిన్నమై లోహం మీద రక్షణ పొరగా ఏర్పడుతుంది. లోహానికి బదులు ఈ పొర అరుగుతూ, మళ్ళీ ఏర్పడుతూ ఉంటుంది.

ఈ సంకలితంలోని భాస్వరం క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని ఉత్ప్రేరకంపై పేరుకొని దాని శక్తిని తగ్గిస్తుంది. అందువలన పెట్రోలు కార్ల నూనెలలో భాస్వరానికి గరిష్ఠ పరిమితి విధించారు. ఈ పరిమితి 1990లలో 0.12 శాతం నుండి 0.10 శాతానికి తగ్గింది. 2004లో వచ్చిన ఏ.పి.ఐ. ఎస్.ఎమ్. తరగతితో 0.08 శాతానికి చేరింది. నేటి ఇంజన్లలో చాలావాటికి క్యామ్ వద్ద దొర్లే రోలర్లు ఉంటాయి కాబట్టి వాటికి ఈ పరిమాణం చాలును. రాపిడిపై ఆధారపడిన పాత క్యామ్‌లకు, ముఖ్యంగా బలమైన స్ప్రింగులు గల వాటికి, ఇది చాలకపోవచ్చును.

అయితే 0.08 శాతం అనే గరిష్ఠ పరిమితి 5డబ్ల్యు-30, 10డబ్ల్యు-30 వంటి పలుచని నూనెలకు వర్తిస్తుంది. 40, 50 తరగతుల చిక్కని నూనెలకు ఎస్.ఎమ్. వర్గీకరణలో ఆ నియమం లేదు. కావున ఒకే సంస్థ అమ్మే రెండు నూనెలలో భాస్వరం వేరువేరుగా ఉండవచ్చును. తయారీదారులు ప్రకటించే సాంకేతిక వివరాల పత్రంలో ఈ పరిమాణాన్ని చూసుకోవడం మంచిది. జింకు సంకలితాన్ని విడిగా కొని నూనెలో కలపడం శ్రేయస్కరం కాదు. దాని వలన నూనెలోని ఇతర సంకలితాలతో సమతుల్యం చెడుతుంది.

సీళ్ళు, లీకులు

సింథటిక్ నూనె పోస్తే పాత కార్లు కారుతాయనే నమ్మకం 1970ల నాటిది. పాలీ ఆల్ఫా ఓలెఫిన్లు రబ్బరు సీళ్ళను కొద్దిగా కుదించే స్వభావం కలవి. నేటి నూనెలలో ఎస్టర్లు మొదలైనవి కలిపి ఈ లోపాన్ని సరిచేస్తున్నారు. అయినప్పటికీ ఎండి గట్టిపడిన సీలు వద్ద ఇంతకాలం అడ్డుగా ఉన్న మడ్డిని కొత్త నూనె కడిగివేస్తే, దాగి ఉన్న లీకు బయటపడుతుంది. అప్పుడు మార్చవలసినది సీలును.

కొన్ని ఉదాహరణలు

పోర్షే 911: 1964 నుండి 1998 వరకు తయారైన 911 కార్ల ఇంజన్లు గాలితో చల్లబడేవి. వీటిలో ఇంజన్ వేడిని తొలగించడంలో నూనె పాత్ర చాలా పెద్దది. పోర్షే క్లాసిక్ విభాగం 2015లో ఈ ఇంజన్ల కొరకు రెండు నూనెలను విడుదల చేసింది. 2.7 లీటర్ల వరకు గల ఇంజన్లకు 20డబ్ల్యు-50, 3.0 లీటర్లు, అంతకు పైబడిన వాటికి 10డబ్ల్యు-60 ఉద్దేశించబడినవి.

బి.ఎమ్.డబ్ల్యు. ఎమ్3: 2000-2006 మధ్య తయారైన ఇ46 తరం ఎమ్3 ఇంజన్ నిమిషానికి సుమారు 8,000 భ్రమణాల వరకు తిరుగుతుంది. దీనికి ఆ సంస్థ 10డబ్ల్యు-60 సింథటిక్ నూనెను సూచించింది. అదే తరానికి చెందిన సాధారణ కార్లకు ఇంత చిక్కని నూనె అవసరం లేదు.

మాజ్డా ఆర్.ఎక్స్-7: 1978 నుండి 2002 వరకు తయారైన ఈ కార్లలో పిస్టన్లకు బదులు త్రికోణాకార రోటరు ఉంటుంది. రోటరు అంచులను తడపడానికి కొద్దిపాటి ఇంజన్ ఆయిల్‌ను దహనగదిలోనికి పంపుతారు. అది ఇంధనంతో పాటు కాలిపోతుంది. కావున ఇక్కడ నూనె మసి, బూడిద మిగల్చకుండా కాలడం కూడా ముఖ్యం. ఈ ఇంజన్లలో సింథటిక్ నూనె వాడే ముందు యజమాని చేతిపుస్తకంలోని సూచనను తప్పక చూడవలెను.

ఎంపిక చేసే క్రమం

మొదట చేతిపుస్తకంలో తయారీదారు సూచించిన స్నిగ్ధతను, అది ఏ ఉష్ణోగ్రతలకు వర్తిస్తుందో చూడవలెను. పిదప క్యామ్ వద్ద రాపిడి ఉన్నదా, రోలర్లు ఉన్నవా తెలుసుకొనవలెను. ఆ తరువాత కారుకు క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్నదో లేదో గమనించి, తగినంత భాస్వరం గల నూనెను ఎంచుకోవలెను. ఖనిజ నూనెయా, సింథటిక్ నూనెయా అనే ప్రశ్న వీటి తరువాతనే వస్తుంది. కొత్తగా క్యామ్ షాఫ్ట్ మార్చి పునర్నిర్మించిన ఇంజనుకు, తొలి దశలో జింకు అధికంగా ఉన్న ప్రత్యేకమైన నూనెను వాడతారు.

నూనె మార్పిడి

పాత స్పోర్ట్స్ కార్లు తక్కువ దూరం తిరుగుతాయి, ఎక్కువ కాలం నిలిచి ఉంటాయి. ఇంజన్ పూర్తిగా వేడెక్కని చిన్న ప్రయాణాలలో నీటి ఆవిరి, పెట్రోలు, ఆమ్లాలు నూనెలో చేరతాయి. సింథటిక్ నూనె అయినా వీటిని వెలుపలికి పంపలేదు. కావున తిరిగిన కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఒకసారైనా నూనె మార్చడం మంచిది. నూనె మట్టాన్ని కొలిచే పద్ధతి కూడా కారును బట్టి మారుతుంది. గాలితో చల్లబడే 911 కార్లలో నూనె వేరొక తొట్టిలో నిల్వ ఉంటుంది కాబట్టి ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, చదునైన నేలపై, అది నడుస్తుండగానే మట్టం కొలవాలి. ఇంజన్ ఆపి కొలిస్తే మట్టం తక్కువగా కనిపిస్తుంది, దానిని నమ్మి నూనె పోస్తే పరిమితి మించుతుంది.