మారియో బాణీ కట్టిందెవరు?

వీడియోగేమ్ సంగీతం నాలుగు మంద్రస్వరాలతో నడక నేర్చింది. 1978లో వచ్చిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో ఆ స్వరాలే ఒకదాని వెంట ఒకటి మోగుతూ, శత్రువులు తగ్గేకొద్దీ వేగం పుంజుకునేవి. భయపెట్టడానికి అది చాలు, పాడుకోవడానికి చాలదు. పాడుకోదగ్గ బాణీలను ఇంటింటికీ చేర్చింది 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫామికామ్.

దాని సౌండ్ చిప్‌లో ఉన్నవి ఐదు చానెళ్లే. రెండు పల్స్ చానెళ్లు రాగం పలికితే, ట్రయాంగిల్ చానెల్ కింది స్థాయిలో అండగా నిలిచేది. బుసబుసలాడే నాయిస్ చానెల్ తాళం వేసేది. ఐదోది రికార్డు చేసిన చిన్న శబ్దాల కోసం. 1984లో నింటెండోలో చేరిన కోజీ కొండో ఈ కాస్త సరంజామాతోనే మరుసటి ఏడాది ‘సూపర్ మారియో బ్రదర్స్’కు సంగీతం కూర్చాడు. బొమ్మలు, దశలు, పాటలు అన్నీ కలిపి ఆ గేమ్ మొత్తం 40 కిలోబైట్లు. అందుకే బాణీ చిన్నది. మళ్లీ మళ్లీ మొదటికి వస్తుంది. వందసార్లు విన్నా విసుగు పుట్టని చిన్న బాణీ కట్టడం పెద్ద కచేరీకి స్వరాలు రాయడం కంటే తేలికైన పనేమీ కాదు.

కొండో పనితనం అక్కడితో ఆగలేదు. నీటి అడుగు దశకు మూడు మాత్రల వాల్ట్‌జ్ నడక ఇచ్చాడు. గడువు వందకు పడిపోగానే పాట పరుగందుకుంటుంది. మారియో దూకినా, నాణెం దొరికినా ఆ శబ్దం కోసం ఒక చానెల్ క్షణకాలం పాటను విడిచి మళ్లీ అందుకుంటుంది. అంటే ఏ ఇద్దరు పిల్లలూ అచ్చంగా ఒకే పాట వినలేదు. ఎవరి ఆట వారి పాటలో కలిసిపోయింది. ఆ బాణీ ఇన్నేళ్లయినా మనసును వదలకపోవడానికి ఇదీ ఒక కారణమే.

తొంభైల్లో తెలుగు ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన చౌక వీడియోగేమ్‌లలో చాలావాటికి ఫామికామే మాతృక. వేసవి సెలవుల్లో క్యాసెట్లు మార్చుకుంటూ ఆడిన పిల్లలకు మారియో, కాంట్రా బాణీలు కంఠతా వచ్చేశాయి. కట్టినవారి పేర్లు మాత్రం చేరలేదు. చేరే దారీ లేదు: తొలి మారియో గేమ్‌లో కళాకారుల పేర్ల పట్టికే లేదు. 1986 నాటి ‘కాసిల్‌వేనియా’ సంగీతకర్తల్లో ఒకరైన కినుయో యమషితా పేరు బదులు తెరపై ‘జేమ్స్ బనానా’ అని పడింది. ‘రాక్‌మన్’కు సంగీతమిచ్చిన మనామి మత్సుమయే, ‘స్ట్రీట్ ఫైటర్ 2’కు బాణీలు కట్టిన యోకో షిమొమురా కూడా మహిళలే. ఒక తరం పిల్లల చెవులను తీర్చిదిద్దినవారిలో మహిళలు ఇంతమంది ఉన్నారన్నది అందరికీ తెలియవలసిన సంగతి.

గుర్తింపు మొదట జపాన్‌లోనే దక్కింది. ‘డ్రాగన్ క్వెస్ట్’ స్వరకర్త కోయిచి సుగియామా తన గేమ్ సంగీతాన్ని ఎనభైల్లోనే ఆర్కెస్ట్రా వేదిక ఎక్కించాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో క్రీడాకారుల కవాతు ఆ గేమ్ బాణీతోనే మొదలైంది. 2023లో కొండో మారియో బాణీ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేరింది. ఆ గౌరవం పొందిన తొలి గేమ్ సంగీతం అదే. 2025లో ‘మైన్‌క్రాఫ్ట్’ కోసం డేనియల్ రోసెన్‌ఫెల్డ్ చేసిన ఆల్బమ్‌కూ అందులో చోటు దక్కింది.