పాల ప్యాకెట్టు రంగు: పేరు నిలవాలి, చెత్త తగ్గాలి

సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "పాలు పోయించుకోవడం, వెన్న పరీక్ష చేయడం మా పని. పట్నంలో అమ్మే ప్యాకెట్టు రంగుతో మాకేమి సంబంధం?" అని. సంబంధం ఉన్నది. రంగు విషయంలో పొరపాటు జరిగితే అమ్మకం తగ్గుతుంది. అమ్మకం తగ్గితే రైతుకు అందే ధర, ఏడాది చివర బోనసు రెండూ తగ్గుతాయి. అంతేకాదు, వాడి పారవేసిన ఆ ప్యాకెట్టే ఒకనాడు మన గేదె కడుపులో చేరవచ్చును. కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా తెలియజేస్తున్నాము.

రంగు ఒక హామీ

ప్రమాణాల ప్రకారం ఫుల్‌క్రీం పాలలో కనీసం 6 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం వెన్న ఉండాలి. డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం ఉండాలి. ఈ అంకెలు కొనేవారిలో చాలామందికి గుర్తుండవు. రంగు గుర్తుంటుంది. "నీలం ప్యాకెట్టు రెండు ఇవ్వండి" అనే అడుగుతారు. ఏ రకానికి ఏ రంగు అన్నది ఆయా సంస్థలు తామే ఎంచుకున్నవి. కాని ఒకసారి అలవాటైన తరువాత ఆ రంగు కొనేవారి సొత్తు అవుతుంది. 2023లో తమిళనాడులో ఆవిన్ సంస్థ 4.5 శాతం వెన్న గల ఆకుపచ్చ ప్యాకెట్టు స్థానంలో 3.5 శాతం గల ఊదారంగు ప్యాకెట్టును ముందుకు తెచ్చినప్పుడు రాష్ట్రమంతటా చర్చ జరిగినది. అక్కడి ఇంటింటా రంగు అంటే వెన్న శాతమే.

మేము తనిఖీకి వెళ్లిన ఒకచోట ముదురు నారింజ, ఎరుపు రంగులను రెండు రకాల పాలకు వాడారు. పగటి వెలుగులో తేడా స్పష్టంగానే ఉన్నది. కాని పాలు అమ్మేది తెల్లవారుజామున 5 గంటలకు, బల్బు వెలుతురులో. ఒక రకానికి బదులు మరొకటి ఇంటికి చేరేది. "మీ పాలు పలుచబడ్డాయి" అన్న మాట వచ్చినది. పాలలో లోపం లేదు, పోసిన రైతులో లోపం లేదు. అయినా చెడ్డపేరు వచ్చినది సంఘాల పాలకే. కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా పుట్టుకతోనే తెలియదు. కనుక రంగుతో పాటు రకం పేరును పెద్ద అక్షరాలలో వేయడం కూడా అవసరం.

ఎక్కువ రంగు వలన నష్టం

గాజు సీసాల కాలంలో అల్యూమినియం రేకు మూత రంగే పాల రకాన్ని చెప్పేది. సీసా తిరిగి డెయిరీకి వచ్చేది. ఇప్పుడు అర లీటరు ప్యాకెట్టు ఫిల్ము బరువు సుమారు 2.5 గ్రాములు. వినడానికి స్వల్పమే. లక్ష ప్యాకెట్లు అమ్మితే 250 కిలోలు.

పాల ప్యాకెట్టు పాలిథీన్‌తో తయారవుతుంది. దానిని కడిగి, కరిగించి, గుళికలుగా చేసి తిరిగి వాడవచ్చును. అయితే అచ్చు వేసిన సిరా ఎంత ఎక్కువైతే గుళిక అంత నల్లబడుతుంది. కరిగించేటప్పుడు సిరా నుండి ఆవిరులు వెలువడి వాసన, బుడగలు ఏర్పడతాయి. అటువంటి గుళిక నల్లని సంచులకు, గొట్టాలకే పనికివస్తుంది, ధర తక్కువ. ధర లేని ప్యాకెట్టును ఏరేవారుండరు. అది రోడ్డు మీదనే ఉండిపోతుంది.

ఫిల్ముకు ఉన్న తెలుపు మాత్రం అనవసరమైనది కాదు. వెలుతురు తగిలితే పాలలోని రైబోఫ్లావిన్ అనే విటమిన్ నశిస్తుంది, రుచి మారుతుంది. ఆ తెలుపు పాలకు నీడ వంటిది. తగ్గించవలసినది దానిపై వేసే హంగు.

ఇతరులు చేసినది

బ్రిటన్‌లో వెన్న తీయని పాలకు నీలం మూత, సగం తీసిన పాలకు ఆకుపచ్చ, పూర్తిగా తీసిన పాలకు ఎరుపు మూత వాడుక. 2022 నుండి అక్కడి పలు సంస్థలు రంగులేని మూతలకు మారాయి. మూత ప్లాస్టిక్ తిరిగి పాల సీసాలకు పనికిరావాలన్నది ఉద్దేశం. రకాన్ని లేబులు రంగు తెలుపుతున్నది. అదే ఏడాది ఉత్తర అమెరికాలో స్ప్రైట్ పానీయం 60 ఏళ్లకు పైగా వాడిన ఆకుపచ్చ సీసాను వదలి రంగులేని సీసాకు మారినది. ఆకుపచ్చను లేబులు మీద మాత్రం ఉంచుకున్నది. పేరు పోలేదు. రంగును తుడిచివేయలేదు, చోటు తగ్గించారు.

సంఘాలు చేయదగినవి

1. రకానికి ఒక రంగు, ఎన్నటికీ అదే రంగు. పండుగలకు, వార్షికోత్సవాలకు మార్చరాదు.

2. ఆ రంగును ఒక పట్టీకో, గుర్తుకో పరిమితం చేయాలి. మిగిలినది తెలుపుగా వదలాలి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు కావాలి కనుక ఖర్చు కూడా తగ్గుతుంది.

3. మెరుపు కోసం వేరే రకం ప్లాస్టిక్ పొరలు అతికించరాదు. పొరలు కలిస్తే తిరిగి కరిగించడం కష్టం.

4. ఆకుపచ్చ రంగు వేసి "పర్యావరణ మిత్ర" అని రాస్తే చాలదు. 2024లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అటువంటి మాటకు ఆధారం చూపాలి.

5. ప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించక, ముక్క అంటుకొని ఉండేట్లు కోయవలెనని అమ్మేవారు చెప్పాలి. చిన్న ముక్కలను ఏరడం ఎవరివల్లా కాదు. ఖాళీ ప్యాకెట్లు కడిగి తెచ్చినవారి నుండి బూత్ వద్ద తీసుకొనే ఏర్పాటు చేయాలి.

ఫిల్ము కొనే అధికారం యూనియన్‌ది కావచ్చును. సర్వసభ్య సమావేశంలో అడిగే హక్కు సంఘానిది. ఈసారి లెక్కలతో పాటు ప్యాకెట్టు నమూనాను కూడా బల్ల మీద పెట్టమని కోరండి.

పశువు మింగిన ప్లాస్టిక్ అరగదు, బయటికి రాదు. పెద్దపొట్టలో ముద్దగా పేరుకొంటుంది. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, చివరకు కోసి తీయడమే మార్గం. మన పాలు నింపి పంపిన ప్యాకెట్టు మన పశువు ప్రాణం మీదికి రాకుండా చూసుకోవడం మన బాధ్యతే.