అవయవం ఒక అమానత్: మందుల వేళ తప్పరాదు

తల్లి ఇచ్చిన కిడ్నీ కొడుకు శరీరంలో చక్కగా పనిచేస్తున్నా, ఆ శరీరం దాన్ని పరాయిదిగానే చూస్తుంది. సందు దొరికితే దాడి చేస్తుంది. ఆ దాడిని ఆపి ఉంచేవి టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు. ఒంట్లో బాగుంది కదా అని వీటిని మానేస్తే తల్లి త్యాగం వృథా కావచ్చు, మళ్లీ డయాలిసిస్ గడప తొక్కవలసి రావచ్చు.

మందు తప్పడానికి కారణం ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. బి.పి., షుగరు మాత్రలు కూడా కలిస్తే రోజుకు ఎన్నోసార్లు డబ్బా తెరవాలి. బెల్జియంలో 219 మంది కిడ్నీ మార్పిడి రోగులపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. టాక్రోలిమస్‌ను రెండు పూటలా వాడేవారిలో రోజు మోతాదు పూర్తిగా వేసుకున్నవారు నూటికి 79 మంది. ఒక్కపూట మందు వాడేవారిలో 88 మంది. ఉదయం కంటే రాత్రి మోతాదే ఎక్కువగా తప్పింది.

అందువల్ల డాక్టరుగారిని ఇలా అడగండి: "ఏ మందులు ఒకే వేళకు కలపవచ్చు? ఒక్కపూట టాక్రోలిమస్ నాకు సరిపడుతుందా?" ఈ రెండు రకాలను సొంతంగా మార్చుకోకూడదు. మార్చిన తర్వాత రక్తంలో మందు స్థాయిని మళ్లీ పరీక్షించాలి. ఒక పూట తప్పిందని మరుపూట రెట్టింపు వేసుకోవద్దు. పంపరపనస తినవద్దు, అది రక్తంలో మందు స్థాయిని పెంచుతుంది.

మన ఇళ్లలో ఫజర్ తర్వాత ఒకటి, ఇషా తర్వాత ఒకటి అని గుర్తు పెట్టుకునే అలవాటుంది. కానీ నమాజు వేళలు రుతువును బట్టి జరుగుతాయి. పన్నెండు గంటల ఎడం కావలసిన మందును గడియారానికే ముడిపెట్టాలి: ఉదయం 8, రాత్రి 8.

రంజాన్‌లో చిక్కు మరింత పెరుగుతుంది. వేసవిలో సహరీ నుంచి ఇఫ్తార్‌కు పద్నాలుగు గంటలు దాటుతుంది, ఇఫ్తార్ నుంచి సహరీకి పది గంటలైనా మిగలవు. పైగా పగలంతా నీరుండదు. డాక్టరు అనుమతి లేకుండా రోజా పాటించడం ప్రమాదం. రోగికి ఆ రోజాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటును, శక్తి లేనివారికి పేదకు అన్నం పెట్టే ఫిదియాను దివ్యఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా (2:184, 185) ప్రసాదించింది. ఆ వెసులుబాటును వాడుకోవడం ఈమాన్‌లో లోటు కాదు.

సోదరులారా, మరొకరి దేహం నుంచి వచ్చిన అవయవం మన దగ్గరున్న అమానత్. దాన్ని వేళకు మందుతో కాపాడుకోవడం మన బాధ్యత.