గిరగిర తిరుగు పట్టణము

మనుష్యుడు నేలపై నిలిచి నడువగలుగుట భూమి అతనిని తనవైపు లాగుకొనుచుండుట వలననే. ఆ లాగుడునకు అలవాటుపడిన దేహము, భారము తెలియని చోట క్రమముగా చిక్కిపోవును. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున 2000 నవంబరు నుండి వంతులవారీగా నివసించుచు వచ్చిన వ్యోమగాములు ప్రతిదినము వ్యాయామము చేయుటకు కారణమిదియే. తగిన వ్యాయామము లేనిచో బరువు మోయు ఎముకల సాంద్రత నెలకు సుమారు 1 శాతము తగ్గును. కొన్ని నెలల కాపురమునకు ఈ ఉపాయము సరిపోవచ్చును. పిల్లలు పుట్టి పెరుగవలసిన ఊరికి చాలదు.

మరి భూమి లేనిచోట భారమును కల్పించుట ఎట్లు? నీటిచెంబును త్రాటికి కట్టి వడిగా త్రిప్పినచో, చెంబు తలక్రిందులైనను నీరు ఒలుకదు. చక్రము వంటి ఇంటిని అట్లే త్రిప్పినచో, లోపలివారికి దాని వెలుపలి అంచే నేల యగును. స్లొవీన్ ఇంజనీరు హెర్మన్ పొటోచ్నిక్ 1928 చివర వెలువడిన తన గ్రంథమున అట్టి చక్రమును చిత్రించెను.

అయితే చిన్న చక్రము పనికిరాదు. వ్యాసార్ధము 10 మీటర్లే అయినచో, పాదముల వద్ద భూమిపై నుండునంత భారము కలుగుటకు అది నిమిషమునకు 9 సార్లకు పైగా తిరుగవలెను. అప్పుడు 2 మీటర్ల పొడగరికి తల వద్ద ఆ బలము ఐదవ వంతు తగ్గిపోవును. అంతేకాక, తల ప్రక్కకు త్రిప్పినంతనే, తూకమును తెలుపు లోపలిచెవి కలతపడి వికారము పుట్టును. కావున నెమ్మదిగా తిరుగవలెను. నెమ్మదిగా తిరిగియు చాలినంత భారము నీయవలెనన్నచో చక్రము మిక్కిలి పెద్దది కావలెను.

1969లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడు జెరార్డ్ ఓనీల్ తన విద్యార్థుల ముందొక ప్రశ్న నుంచెను: పెరుగుచున్న పారిశ్రామిక నాగరికతకు గ్రహతలమే తగిన స్థానమా? తరగతిలో పుట్టిన ఆ ప్రశ్న 1975 వేసవిలో నాసా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము కలిసి జరిపిన అధ్యయనమునకు దారితీసెను. అందు తేలిన చక్రపు వ్యాసము సుమారు 1.8 కిలోమీటర్లు, నిమిషమునకు ఒక్క చుట్టు, నివాసులు 10,000 మంది. దాని గొట్టములో ఇండ్లును పొలములును ఉండును. అద్దములు సూర్యకాంతిని లోనికి మరల్చును.

అంతటి నిర్మాణమునకును లోహముకంటె మన్నే ఎక్కువ కావలెను. విశ్వకిరణముల నడ్డుటకు దాదాపు కోటి టన్నుల చంద్రమృత్తికను చుట్టును కవచముగా పేర్చవలెనని లెక్క తేలినది. ఆ కవచము తిరుగదు. తిరిగినచో దాని భారమును గూడ చక్రమే మోయవలసి వచ్చును. మన్నును చంద్రునినుండి తెచ్చుటకు కారణము, అచటి ఆకర్షణ భూమిదానిలో ఆరవ వంతే యగుట.

అట్టి చక్రము నింతవరకు ఎవ్వరును నిర్మింపలేదు. ఐనను ఆ లెక్కలు వ్యర్థములు కావు. కాలిక్రింది నేల వెల లేకుండ ఇచ్చుచున్న బరువును, గాలి పొర అడుగకయే ఇచ్చుచున్న రక్షణను మానవుడు తన చేతులతో కల్పించుకొనవలసి వచ్చినచో వాని వెల ఎంతయో ఆ కోటి టన్నులు తూచి చూపుచున్నవి.