పూలలోయకు ఒక్కరోజు నడక

కొండ ఎక్కడానికి కాళ్ల బలం కావాలి. క్షేమంగా దిగి రావడానికి ముందుచూపు కావాలి. మొదటిది ఉన్నవారు చాలామంది. రెండవదానిని అలవరచుకొన్నవారు కొందరే. ఒక్కరోజు నడకే కదా అని తేలికగా భావించి బయలుదేరినవారిని పర్వతం ఎన్నో చిక్కులకు గురిచేస్తుంది. ఆ ఒక్కరోజును ముందుగానే చక్కగా తీర్చిదిద్దుకొన్నవారికి అది చిరకాలం నిలిచే ఆనందాన్ని ప్రసాదిస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని పూలలోయ జాతీయ ఉద్యానవనం ఇందుకు మంచి ఉదాహరణ.

పూలలోయ చమోలీ జిల్లాలో, భ్యూందర్ లోయ ఎగువభాగంలో సుమారు 87 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉంది. పుష్పవతి నది దీని గుండా ప్రవహిస్తుంది. స్థానిక పశుపాలకులకు ఈ లోయ తరతరాలుగా తెలిసినదే. 1931లో కామెట్ శిఖరాన్ని అధిరోహించి తిరిగి వస్తున్న ఆంగ్ల పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్, అతని సహచరులు ఇందులో ప్రవేశించి పూల సంపదను చూసి ముగ్ధులయ్యారు. స్మైత్ 1937లో మళ్లీ వచ్చి ఇక్కడి మొక్కలను సేకరించాడు. మరుసటి ఏడాది ఈ లోయ పేరుతోనే ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. దానితో లోయ కీర్తి ప్రపంచమంతటా వ్యాపించింది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఈ యాత్రకు సంకల్పించినవారు మొదట నిర్ణయించుకోవలసినది కాలాన్ని. లోయ జూన్ నుండి అక్టోబరు వరకు మాత్రమే సందర్శకులకు తెరచి ఉంటుంది. తక్కిన మాసాలలో మంచు దానిని కప్పివేస్తుంది. జూన్ మాసంలో దారిలో అక్కడక్కడ మంచుగడ్డలు ఇంకా కరగకుండా ఉంటాయి. పూలు అప్పుడప్పుడే తలెత్తుతుంటాయి. జూలై మధ్య నుండి ఆగస్టు మధ్య వరకు లోయ నిండు యౌవనంలో ఉంటుంది. నీలి పాపీలు, కాశీతుమ్మ జాతి పూలు, పడగ విప్పిన పామును తలపించే పూలు ఒకదానితో ఒకటి పోటీపడుతూ వికసిస్తాయి. సెప్టెంబరులో పూలు తగ్గుతాయి గాని, వానలు వెనుకపట్టి ఆకాశం తేటపడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పూలను పూయించే వాన, కొండచరియలను విరిచిపడవేసే వాన ఒక్కటే. లోయ అత్యంత సుందరంగా ఉండే రోజులే దారి అత్యంత ప్రమాదకరంగా ఉండే రోజులు. 2013 జూన్‌లో సంభవించిన వరదలలో గోవిందఘాట్ నుండి పైకి వెళ్లే మార్గం తీవ్రంగా దెబ్బతిన్నది. కావున ప్రయాణ ప్రణాళికలో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవడం వివేకం. తిరుగు రైలు టికెట్టును చూసుకొని వానలో బయలుదేరడం కంటె, ఒక రోజు ఆగి వాన తగ్గిన తరువాత నడవడం మేలు.

రెండవ అంశం శరీరాన్ని సిద్ధపరచుకోవడం. ఋషీకేశ్ నుండి సుమారు 270 కిలోమీటర్ల దూరంలో, బదరీనాథ్ వెళ్లే దారిలో గోవిందఘాట్ ఉంది. బదరీయాత్ర చేసే తెలుగువారు ఎందరో ఈ ఊరి మీదుగానే వెళ్తుంటారు. అక్కడి నుండి పుల్నా గ్రామం వరకు వాహనంలో వెళ్లి, ఆపైన సుమారు పది కిలోమీటర్లు కొండదారిలో నడిస్తే ఘాంఘ్రియా వస్తుంది. సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న ఈ చిన్న గ్రామమే లోయకు వెళ్లేవారి మజిలీ. తెలుగు ప్రాంతాలలో అలిపిరి మెట్లదారిని పలుమార్లు ఎక్కి సాధన చేయవచ్చు. అక్కడి 3,550 మెట్లు కాళ్లకు సత్తువనిస్తాయి. కాని పలుచని గాలికి శరీరాన్ని అలవాటు చేయలేవు.

3,500 మీటర్ల ఎత్తున వాయుపీడనం సముద్రతీరంలో ఉండే పీడనంలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. ఊపిరితిత్తులకు ప్రతి శ్వాసలోను అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం దీని తొలి లక్షణాలు. యువకులకు, వ్యాయామశీలురకు ఇది రాదనుకోవడం పొరపాటు. వేగంగా ఎక్కేవారిలోనే ఇది ఎక్కువ. జోషీమఠ్‌లో ఒక రాత్రి, ఘాంఘ్రియాలో ఒక రాత్రి ఆగి వెళ్తే శరీరం క్రమంగా అలవాటుపడుతుంది. లక్షణాలు కనిపించినవారు మరింత పైకి వెళ్లరాదు. అవి తీవ్రమైతే వెంటనే కిందికి దిగడమే అసలైన చికిత్స.

మూడవ అంశం కాలగణన. స్కాట్లాండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నెయ్‌స్మిత్ 1892లో ఒక సులభ సూత్రాన్ని ప్రతిపాదించాడు. దాని ప్రకారం ప్రతి ఐదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట లెక్కించాలి. ఘాంఘ్రియా నుండి లోయ ఆరంభం వరకు దూరం నాలుగు కిలోమీటర్లు, ఎక్కుడు 400 మీటర్లు అనుకొంటే, ఈ లెక్కకు గంటన్నర చాలాలి. కాని గాలి పలుచన. రాళ్లు పరచిన దారి నిట్టనిలువు. వానకు తడిసి జారుతుంది. కావున రెండున్నర నుండి మూడు గంటలు కేటాయించుకోవడం సమంజసం. ఉదయం ఏడు గంటలకు బయలుదేరినవారు పది గంటలకు లోయ చేరుకొంటారు. రెండున్నర గంటలు పూల నడుమ గడిపి, పన్నెండున్నరకు వెనుదిరిగితే మూడున్నర లోపల ఘాంఘ్రియా చేరవచ్చు. మధ్యాహ్నం తరువాత మేఘాలు కమ్ముకోవడం అక్కడ సర్వసాధారణం. లోయలో రాత్రి బస చేయడం నిషిద్ధం కనుక, వేళకు తిరిగి రావడం నియమం కూడ.

సమీపంలోనే హేమకుండ్ సాహిబ్ అనే సిక్కుల పుణ్యక్షేత్రం ఉంది. అది 4,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. ఎక్కుడు వెయ్యి మీటర్లకు మించుతుంది. రెండింటినీ ఒకే రోజున చూడాలనుకోవడం అత్యాశ. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రోజు కేటాయించడమే సరైన పద్ధతి.

నాలుగవ అంశం వెంట తీసుకొనిపోవలసిన సామగ్రి. లోయలో అంగళ్లు లేవు, ఇండ్లు లేవు. నీరు, ఆహారం, వానకోటు, ఉన్ని దుస్తులు, టార్చిలైటు, ఈల, అవసరమైన మందులు సంచిలో ఉండాలి. నూలుబట్టలు తడిస్తే త్వరగా ఆరవు. ఒంటి వేడిమిని హరిస్తాయి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుతుంది. జారని అడుగు ఉన్న బూట్లను ప్రయాణానికి ముందే కొన్నాళ్లు ధరించి అలవాటు చేసుకోవాలి. తినగా మిగిలిన పొట్లాలను, ఖాళీ సీసాలను తిరిగి తీసుకొనిరావాలి.

లోయలో దారి విడిచి నడవరాదు. ఒక్క అడుగు కింద నలిగిన మొక్క ఆ ఏడాది మళ్లీ పూయకపోవచ్చు. ఎత్తైన ప్రదేశాలలో మొక్కకు పెరిగే గడువు కొద్ది నెలలే. దారి తప్పడం మనిషికీ క్షేమకరం కాదు. 1939లో మొక్కల సేకరణకు వచ్చిన వృక్షశాస్త్ర పరిశోధకురాలు జోన్ మార్గరెట్ లెగ్గె, పూల కోసం రాతి వాలులపై నడుస్తూ జారిపడి మరణించింది. ఆమె సమాధి ఆ పూల నడుమనే ఉంది. పూలను ప్రేమించినవారు, వాటిని ఎరిగినవారు సైతం ఆ వాలుల వద్ద జాగ్రత్త వహించవలసిందేనని అది నేటి యాత్రికులకు గుర్తుచేస్తుంది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది వెనుదిరిగే వేళను ఇంటివద్దనే నిర్ణయించుకోవడం. పన్నెండున్నరకు అనుకొన్నవారు, ఇంకొంచెం దూరంలో మరింత అందమైన పూలు ఉన్నాయని తెలిసినా, ఆ వేళకు వెనుదిరగాలి. ఆశ ఉప్పొంగే చోట నిర్ణయం తీసుకోవడం కష్టం. అందుకే దానిని ముందే తీసుకోవాలి. వాన ముందే మొదలైనా, తోటివారిలో ఒకరికి తలనొప్పి వచ్చినా, ఆ వేళ ఇంకా ముందుకు జరుగుతుంది. బృందం వేగాన్ని నిర్ణయించవలసినది అందరికంటె నెమ్మదిగా నడిచేవారే. అలా వెనుదిరగడం ఓటమి కాదు. లోయ ప్రతి ఏటా పూస్తుంది. క్షేమంగా తిరిగి వచ్చినవారు దానిని మరొకసారి చూడగలుగుతారు.